చెప్పులు సర్దిన దెయ్యం

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, టిఫిను ముగించుకుని, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, మాస్టారు చూపించిన మూడు తప్పులూ దిద్ది, సాయంత్రానికి సినిమాను కాలేజీకి పంపేయాలి. మర్నాడు సాయంత్రం అందరి ముందూ ప్రదర్శన. దాని మీదే చివరి సంవత్సరం మార్కులన్నీ ఆధారపడి ఉన్నాయి.

ఆమె సినిమా కోర్సులో ఎడిటింగ్ చదువుతోంది. తోటి విద్యార్థి ఒకడు వానలో నానుతూ తీసుకొచ్చిన సముద్రం షాట్‌ను కళ్ళార్పకుండా కోసి అవతల పారేసిన రోజు నుంచీ ఆమెను అందరూ కత్తెర అనే పిలుస్తున్నారు. క్రమంగా ఇంట్లోవాళ్ళకూ ఆ పేరే నోట నానింది. కన్నతల్లి కూడా ఫోన్‌లో కూతురి నంబరును అలాగే రాసుకుంది.

సినిమా పేరు ‘ఇంట్లోవాళ్ళు’. ముసుగు వేసుకున్న హంతకుడొకడు ఒక ఇంట్లో దూరి, ఆ ఇంటాయనను చంపుతాడు. ఎప్పుడో పోయిన ఆయన తల్లి దెయ్యమై లేచి వచ్చి, ఆ హంతకుణ్ణి పట్టుకుంటుంది. చివరి షాట్‌లో ముసుగు జారి హంతకుడి ముఖం కనిపిస్తుంది. ఆ ముఖంలోని భయంతో సినిమా ముగుస్తుంది. నటులకు ఇచ్చుకునే స్తోమత లేక శవం వేషం మామయ్యకు, దెయ్యం వేషం అమ్మమ్మకు ఇచ్చారు. హంతకుడి వేషం మాత్రం సినిమా తీసిన దర్శకుడే వేశాడు. దర్శకుడంటే ఆమె క్లాసువాడే. గడ్డం పెరిగితే అందరూ మాట వింటారని నమ్మేవాడు.

మాస్టారి అభిప్రాయం తెల్లవారేసరికి వచ్చింది. ‘ఒకటి. శవం పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. మీ శవం మీకంటే ఆరోగ్యంగా ఉంది. రెండు. దెయ్యం నడవాలో నడిచి వస్తూ దారిలో చెదిరి ఉన్న చెప్పులు జతలుగా సర్దింది. తర్వాత ఎవరో వేసి మరచిపోయిన ఫ్యాను ఆపింది. ఆవిడను చూస్తే భయం వేయడం లేదు, కాళ్ళు కడుక్కుని రావాలనిపిస్తోంది. మూడు. హంతకుడి ముఖంలో ఉన్నది భయం కాదు, పంటినొప్పి.’

కత్తెర ఆ ముక్కలు చదివి, నడవా షాట్‌ను మళ్ళీ వేసి చూసుకుంది. అదే షాట్‌ను ఆమె వందసార్లు చూసింది. వెలుగు చూసింది, నీడ చూసింది, తలుపు కిర్రుమన్న చప్పుడును ఒక వెంట్రుకవాసి ముందుకు జరిపింది. చెప్పులు సర్దడం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మమ్మ చెప్పులు సర్దడం ఆ ఇంట్లో గాలి ఆడినంత మామూలు సంగతి మరి.

ముందు శవం పని పట్టింది. మామయ్య ఊపిరి బిగబట్టిన ఒక్క ఫ్రేమును పట్టుకుని అక్కడే ఆపేసింది. పొట్ట ఆగింది, కానీ వెనక కిటికీ తెర కూడా గాల్లో లేచినది లేచినట్టే ఆగిపోయింది. ఇక లాభం లేదనుకుని, మాట్లాడుతూనే పని చేసుకోవచ్చని దర్శకుడికి ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపింది.

“ఒరేయ్, మాస్టారు ముగ్గురినీ ఉతికి ఆరేశారు. మామయ్య చచ్చాడంటే చిన్నపిల్లలు కూడా నమ్మరట. మామయ్యను మొత్తం కోసేస్తున్నా, కాళ్ళు మాత్రం ఉంచుతా. అసలు చిక్కు అమ్మమ్మతో. ఆవిడ దెయ్యంలా లేదు, భోజనం పెట్టి పంపించేలా ఉందట. పెద్దావిడ కదా, మొహం మీద చెప్పలేం. నొప్పి తెలియకుండా సగానికి కోసేద్దాం. నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు.”

పంపి, హెడ్‌ఫోన్స్ తలకు తగిలించుకోబోతూ ఆగిపోయింది. గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. “ఒరేయ్, మాస్టారు ముగ్గురినీ ఉతికి ఆరేశారు” అంటోంది. ఆ గొంతు తనదే. ఆమె నోరు మూసుకునే ఉంది, గొంతు మాత్రం పక్కగదిలో మాట్లాడుతోంది. అమ్మమ్మ తన ఫోన్ శబ్దాన్ని ఎప్పుడూ చివరికంటా పెట్టుకుంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ తీసి చూసుకుంది. తనూ దర్శకుడూ ఉన్న సినిమా గ్రూపు పేరు ‘ఇంట్లోవాళ్ళు’. కుటుంబం గ్రూపు పేరు ‘ఇంటివాళ్ళు’. ఒకదాని కింద ఒకటి, కవల పిల్లల్లా ఉన్నాయి. తుడిచేద్దామని వేలు పెట్టేలోపే మందుల షాపులో పనిచేసే అమ్మ నుంచి జవాబు వచ్చింది. ‘ఎవరు ఎవరిని కోస్తున్నారు? నేను డ్యూటీలో ఉన్నాను.’

తలుపు తెరుచుకుంది. అమ్మమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుంటూ గుమ్మంలో నిలబడింది. ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. గుమ్మంలో ఊరికే నిలబడినా లోపల ఉన్నవాళ్ళు లేచి నిలబడతారు. కత్తెర లేచి నిలబడింది.

“ఎన్ని వేశాడు మీ మాస్టారు నాకు?”

“మార్కులు కాదమ్మమ్మా. అభిప్రాయం అంతే.”

“అభిప్రాయం అన్నారంటే తక్కువే అయ్యుంటాయిలే. ఏదీ, చూపించు.”

కత్తెర ఆ షాట్ వేసి చూపించింది. తెర మీద తెల్లబట్టల్లో, పిండి పూసిన ముఖంతో అమ్మమ్మ నీడలోంచి నడిచి వచ్చింది. వంగింది. చెప్పులు సర్దింది. నడుం పట్టుకుని లేచి, స్విచ్ వైపు చెయ్యి చాచింది. గదిలోని అమ్మమ్మ తెర మీది అమ్మమ్మను పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది.

“అంత చిందరవందరగా పడి ఉంటే దెయ్యం మాత్రం ఎలా దాటిపోతుందే” అంది ముందు. తర్వాత ఆ షాట్‌ను ఇంకోసారి వేయించుకుని చూసింది. “తప్పు నాదే. ఫెయిలయ్యాను. సగానికి కోయడాలూ అవీ ఏమీ వద్దు. పరీక్ష మళ్ళీ రాస్తాను, మీ దర్శకుణ్ణి పిలువు.”

“అమ్మమ్మా, సాయంత్రానికి పంపేయాలి.”

“సాయంత్రానికి చాలా టైముంది.”

కత్తెర కాదనలేకపోయింది. రిటైరైనప్పటి నుంచీ ఆ ఇంట్లో అందరూ అమ్మమ్మను ‘నువ్వు కూర్చో’ అన్నవాళ్ళే. ‘నువ్వు వచ్చి ఈ పని చెయ్యి’ అని అడిగింది ఈ సినిమావాళ్ళే. షూటింగ్ అయిన రోజు ఆమె ముఖం కడుక్కోకుండా చాలాసేపు అద్దం ముందు తిరగడం కత్తెర చూసింది.

అమ్మమ్మ అప్పటికే కొడుక్కి ఫోన్ కలిపేసింది. మామయ్య బీమా ఆఫీసులో, ఎవరైనా పోతే వాళ్ళ ఇంటివాళ్ళు పెట్టుకునే దరఖాస్తులు పరిశీలించే విభాగంలో పనిచేస్తాడు. “ఒరేయ్, నీకు చావడం కూడా సరిగ్గా చేతకాలేదట కదా. ఎవరూ నమ్మడం లేదట. వెంటనే బయల్దేరి రా” అంది. అవతల మామయ్య ఏమన్నాడో గానీ, “ఆ పొట్ట కొంచెం లోపలికి పెట్టుకుని రా” అని ఫోన్ పెట్టేసింది.

దర్శకుడు కెమెరా, వైర్లు, ఒక సీసాడు ఎర్రటి షర్బతూ మోసుకుని వచ్చాడు. ‘పంటినొప్పి’ అన్న మాట అతన్ని లోపల ఎక్కడో బాగానే కోసినట్టుంది, గడ్డం నిమురుకోవడం మానేశాడు. కెమెరాను నడవా చివర, వీధి తలుపుకు ఎదురుగా నిలిపాడు. వైర్లు బయటి ప్లగ్గు నుంచి లాగాడు గనక తలుపు పూర్తిగా పడలేదు, ఓరగా ఉండిపోయింది. కత్తెర అమ్మమ్మ ముఖానికి పిండి అద్ది, కళ్ళ కింద కాటుక పులిమింది. చెప్పులన్నీ తీసుకెళ్ళి వంటగదిలో దాచింది.

మామయ్య చెమటలు కక్కుతూ వచ్చి, మేనకోడలిని రెక్క పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళాడు.

“ఒక మాట చెప్తాను, అమ్మతో అనకు.”

“ఏమైంది మామయ్యా?”

“మొన్న షూటింగ్‌కి సెలవు కావాలని మేనేజరుకు ఫోన్ చేశాను గుర్తుందా? అమ్మకు ఒంట్లో బాగాలేదని చెబుదామనుకున్నాను. ‘సార్, మా అమ్మ...’ అని మొదలుపెట్టాను. తర్వాత అబద్ధం నోటికి రాక ఆగిపోయాను. ఆయన ‘అయ్యో, పోయారా’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదే. అదే కదా వచ్చిన చిక్కు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఏడ్చేశాడు. వాళ్ళమ్మ పోయి ఏడాదే అయిందట. ఏడుస్తున్న మనిషితో మా అమ్మ బాగానే ఉంది సార్ అని ఎలా చెప్పను?”

నడవాలో అమ్మమ్మ “నేను సిద్ధం” అని గొంతు సవరించుకుంటోంది.

“ఇవాళేం చెప్పి వచ్చావు?”

“అమ్మ ఇంట్లో ఆవిడకు సంబంధించిన పనొకటి మిగిలిపోయింది సార్ అన్నాను. ఆ ముక్క మాత్రం నిజమే కదా. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.”

ఆ క్షణంలో మేనేజరుకు ఫోన్ చేసి నిజం చెప్పేసి ఉంటే కథ అక్కడితో ఆగేది. కానీ దర్శకుడు “శవం ఎక్కడ? వెలుగు మారిపోతోంది” అని కేక వేశాడు. శవం పరిగెత్తుకెళ్ళి నేల మీద పడుకుంది.

చొక్కా మీద షర్బతు పోశారు. మామయ్య పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టాడు. ఈసారి నిజంగానే చచ్చినవాడిలా ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మమ్మ నీడలోంచి కదిలింది. వంగలేదు. అటూ ఇటూ చూడలేదు. ఫెయిలైన పిల్లల తండ్రుల వంక ఒకప్పుడు ఎలా చూసేదో అలా, రెప్ప వేయకుండా ఎదురుగా చూస్తూ నడిచి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. కెమెరా వెనక కత్తెరకు వెన్ను చల్లబడింది. మాస్టారు గెలిచారనుకుంది.

సరిగ్గా అప్పుడు ఓరగా ఉన్న వీధి తలుపు మెల్లగా తెరుచుకుంది.

వచ్చింది మేనేజరు. మామయ్య చెప్పిన మిగిలిన పని ఏదో కర్మ అనుకున్నాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో తెల్లపూల గుత్తి. రెండో చేతిలో అద్దం బిగించిన పెద్ద ఫోటో ఒకటి గుండెకు హత్తుకుని ఉంది. మామయ్య బల్ల మీద ఉండే అమ్మమ్మ ఫోటోను ఆఫీసువాళ్ళంతా కలిసి పెద్దది చేయించారు. కింద ‘మీ ఆత్మకు శాంతి కలుగుగాక’ అని బంగారు రంగులో రాయించారు.

ఆయన ముందు నేల మీద రక్తంలో పడి ఉన్న తన గుమాస్తాను చూశాడు. తర్వాత పైకి చూశాడు. తెల్లబట్టల్లో నిలబడి, తలుపు చప్పుడుకు తనవైపు తిరిగిన ముఖం చూశాడు. చేతిలోని ఫోటోను ముందుకు తిప్పుకుని చూసుకున్నాడు. మళ్ళీ పైకి చూశాడు.

ఆయన అరవలేదు. నోరు తెరుచుకుంది, అందులోంచి ఏమీ రాలేదు. ముఖంలో ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వెళ్ళినట్టు కళ్ళు, బుగ్గలు, పెదాలు వరసగా చల్లారిపోయాయి. చేతిలోంచి పూలు రాలాయి. వీపు తలుపుకు ఆనించి మెల్లగా జారుతూ కింద కూలబడ్డాడు. అయినా ఫోటో మాత్రం వదల్లేదు.

అంతవరకూ స్పృహ ఉంది పాపం. అప్పుడు శవం లేచి కూర్చుంది. “సార్, మీరు కంగారుపడకండి” అంది. మేనేజరు కళ్ళు మూసేశాడు.

నీళ్ళు చల్లారు, విసిరారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి అమ్మమ్మే ఉంది. ఆయన మళ్ళీ కళ్ళు మూయబోతుంటే, “మూశావంటే ఊరుకోను. కూర్చో” అంది. ఆయన లేచి కూర్చున్నాడు.

అమ్మమ్మ ఆ ఫోటో తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. రెండుసార్లు చదివింది. కత్తెర గోడకు అంటుకుపోయింది. తన వేలు ఒక్క గ్రూపు కిందికి జారినందుకు, పొద్దున టిఫిను తిన్న ఇల్లు మధ్యాహ్నానికి ఇలా తయారైంది.

“నేనెప్పుడు పోయాను?” అని అడిగింది అమ్మమ్మ.

మామయ్య షర్బతు కారుతున్న చొక్కాతో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. జవాబు మేనేజరే చెప్పాడు.

“పోయిన నెలలో అమ్మా. మేమంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం.”

“రెండు నిమిషాలేనా?”

“ఆఖరి వారం అమ్మా. పని ఎక్కువగా ఉండింది.”

“మీది బీమా ఆఫీసే కదూ? ఎవరైనా పోయారంటే నిజమో కాదో కనుక్కునే ఉద్యోగం కదూ మీది? నా సంగతి ఒక్కరైనా కనుక్కోవద్దా?”

“డబ్బు ఇవ్వాల్సి వస్తేనే కనుక్కుంటాం అమ్మా. సెలవుకి నమ్మేస్తాం.”

అమ్మమ్మ కొడుకు వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. “నన్ను చంపింది నువ్వా?” అంది. మామయ్య జరిగిందంతా చెప్పాడు. ‘సార్, మా అమ్మ...’ దగ్గర ఆగిపోయిన సంగతీ, ఆయన ఏడ్చిన సంగతీ చెబుతూ చెబుతూ తనే ఏడుపు మొహం పెట్టాడు. విన్నంతసేపూ మేనేజరు మెడ నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చాడు.

“మూడు రోజులు మీ పని నేను చేశాను” అన్నాడు మామయ్యతో. “రాత్రిళ్ళు నిద్రపట్టక మా అమ్మను తలుచుకుని మీ గురించి బాధపడ్డాను. రేపటి నుంచి మీరు ఆఫీసుకి ఎలా వస్తారో నేనూ చూస్తాను.”

మామయ్య ఉద్యోగం అక్కడ, ఆ నడవాలో, ఆ పూల మీద ఊగింది. కత్తెర ముందుకొచ్చి, “తప్పు మాది సార్. సినిమా కోసం మేమే రమ్మన్నాం” అనబోయింది. అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

“వాడు అబద్ధం చెప్పలేదు. నిజం మింగాడు. రెండింటికీ నా బడిలో ఒకటే శిక్ష. రేపు ఆఫీసులో అందరి ముందూ నిలబడి, మా అమ్మ బతికే ఉందని చెబుతాడు. ఆ మూడు రోజులకు బదులు మీ పని ఆదివారాలు వచ్చి చేస్తాడు. నేనూ వస్తాను, అందరికీ కనిపిస్తాను. ఇక, నాయనా, మీ అమ్మగారి గురించి చెప్పు. ఎలా పోయారు?”

మేనేజరు కోపంగా ఏదో అనబోయి, ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఏడాదిగా ఆ మాట ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. మామయ్య తెచ్చిన కుర్చీలో కూర్చుని, పిండి ముఖంతో ఉన్న అమ్మమ్మకు తన తల్లి సంగతులు చాలాసేపు చెప్పుకున్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. లేచేసరికి మామయ్యను “రేపు వేళకు రండి” అని మాత్రం అన్నాడు.

అప్పుడు దర్శకుడు కత్తెర చెవిలో గుసగుసలాడాడు. “కెమెరా ఆపలేదు.”

ఇద్దరూ చిన్న తెర మీద చూశారు. తలుపు తెరుచుకోవడం, ఆ ముఖంలో దీపాలు ఆరడం, ఆ జారుడు. దర్శకుడు తన గడ్డం ఒకసారి తడుముకుని, “నన్ను కోసెయ్” అన్నాడు. కోర్సు మొత్తం మీద అతను చెప్పిన మంచి మాట అదేనని కత్తెరకు అనిపించింది. చివరి షాట్ తప్ప మిగతా సినిమా అంతా హంతకుడికి ముసుగే ఉంది కనుక, ముసుగు తీశాక ఎవరి ముఖమైనా సరిపోతుంది.

కత్తెర ఆ షాట్‌ను మేనేజరుకు చూపించి, సినిమాలో వాడుకోవచ్చా అని అడిగింది. మేనేజరు ఆ ముక్కను మూడుసార్లు వేయించుకుని చూశాడు.

“నేను హంతకుణ్ణా?”

“అవును సార్.”

“చివరికి దొరికిపోతాడా?”

“దొరికిపోతాడు సార్. ఆవిడే పట్టుకుంటుంది.”

“అయితే సరే” అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “పూలు పడ్డప్పుడు చప్పుడు సరిగ్గా వచ్చినట్టు లేదు. కావాలంటే ఇంకోసారి పడేస్తాను.” ఇంకోసారి పడేశాడు. ఈసారి బాగా వచ్చింది.

కత్తెర వాలిన పొద్దులో ఆ సినిమాను పూర్తిచేసింది. మామయ్య శవంగా ఒక్క ఊపిరీ తీయలేదు. అమ్మమ్మ ఒక్క చెప్పూ ముట్టలేదు. చివర మేనేజరు ముఖం వచ్చేసరికి, ఆ షాట్ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలిసిన ఆమె కూడా కుర్చీలో వెనక్కి జరిగింది. పంపేసింది.

పక్కగదిలో అమ్మమ్మ రేపు ప్రదర్శనకు కట్టుకోవాల్సిన బట్టలు మంచం మీద పరచుకుంటోంది. పనిచేసిన కాలంలోని తోటి టీచర్లందరికీ ఫోన్లు చేస్తోంది. “అవునమ్మా, దెయ్యమే. ముఖ్యమైన వేషమే. నేను లేకపోతే కథే లేదు” అని గోడ అవతల నుంచి వినిపిస్తోంది. మామయ్య, ఇంటికి వెళ్ళకుండా, అమ్మ కాళ్ళ దగ్గరే కూర్చుని ఎవరెవరికి ఫోన్ చేయాలో గుర్తుచేస్తున్నాడు. దర్శకుడు వైర్లు చుడుతున్నాడు.

మాస్టారి జవాబు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. కత్తెర ఈసారి ఏ గ్రూపూ తెరవకుండా, దర్శకుణ్ణీ మామయ్యనూ వెనక గదిలోకి పిలిచి తలుపు వేసి చదివింది.

‘విద్యార్థుల సినిమాల్లో ఇంత నిజమైన భయం నేను చూడలేదు. ఆ హంతకుడు ఎవరు? ఎక్కడ దొరికాడు? శవం కూడా చక్కగా చచ్చిపోయింది. ఒక్కటే మార్పు. ఆయన ముఖం అలా మారడం చూశాక, ఆయన దేన్ని చూశాడో మనం చూపించకూడదు. చూపిస్తే భయం పోతుంది. రేపు ఉదయానికల్లా దెయ్యాన్ని పూర్తిగా తీసేయండి.’

ముగ్గురూ ఆ ముక్క మళ్ళీ చదువుకున్నారు. మాస్టారు చెప్పింది నిజమేనని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది. గోడ అవతల అమ్మమ్మ ఇంకొకరికి ఫోన్ కలిపి, ముందు వరసలో కూర్చోమని చెబుతోంది.

ఆ మాట వెళ్ళి ఆమెకు చెప్పే ధైర్యం, భయపెట్టే సినిమా తీసిన ఆ ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.